సీటొచ్చింది సరే.. సదుపాయం ఎవరిస్తారు?

2024 జులై. విజయవాడ కుర్రాడొకరికి జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో దివ్యాంగుల కేటగిరీలో మంచి ర్యాంకు వచ్చింది. ఐఐటీ మద్రాసులో సీటు. ఇంట్లో పండగ. తీరా సర్టిఫికెట్ల పరిశీలన దగ్గర బండి ఆగిపోయింది. కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు. దివ్యాంగ విద్యార్థులకు మన ఇంటర్ బోర్డు ఒక లాంగ్వేజ్ పేపర్ నుంచి మినహాయింపు ఇస్తుంది. చట్టం ఇవ్వమన్న సదుపాయమే అది. దాంతో మెమోలో నాలుగు సబ్జెక్టులకే మార్కులున్నాయి. ఐదోదాని దగ్గర మినహాయింపు అన్న గుర్తు ఉంది, అంకె లేదు. ఐఐటీల అడ్మిషన్‌కేమో ఐదు సబ్జెక్టుల మార్కులు కావాలి.

అంటే ఒక ఆఫీసు సాయం అనుకుని ఇచ్చిన మినహాయింపే ఇంకో ఆఫీసులో అడ్డుగోడ అయింది. ఆ కుర్రాడు విద్యాశాఖ మంత్రి నారా లోకేశ్‌కు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. ప్రభుత్వం హడావుడిగా జీవో ఇచ్చింది. మినహాయింపు పొందిన పేపర్‌కు కూడా కనీస పాస్ మార్కులు చూపిస్తూ కొత్త మెమోలు వచ్చాయి. అప్పుడు తెలిసింది, ఇదే చిక్కులో ఉన్నది అతనొక్కడే కాదని. ఐఐటీ, ఎన్ఐటీ లాంటి సంస్థల్లో 25 మంది సీట్లు అలా దక్కాయి.

వార్త బాగానే వైరల్ అయింది. మనం లైక్ కొట్టి ముందుకెళ్లిపోయాం. కానీ ఒక్క మాట ఆలోచించండి. సీటు దక్కింది సరే, తర్వాత నాలుగేళ్లు? మిడ్ పరీక్షలో టైమ్ చాలకపోతే, మూడో అంతస్తులో ల్యాబ్ ఉంటే, లెక్చరర్ బోర్డు వైపు తిరిగి చెప్తుంటే.. ప్రతిసారీ మంత్రికి మెసేజ్ పెట్టలేం కదా!

మా చిత్తూరు వైపు ఇంట్లో వినబడే మాట ఒకటుంది. "సీటొచ్చింది కదబ్బా, ఇంకేం గావాల?" పలమనేరు నుంచో, పుంగనూరు నుంచో పిల్లోడు బ్యాగు సర్దుకుని తిరుపతికి బయల్దేరేటప్పుడు అమ్మ చెప్పే జాగ్రత్త ఇంకోటి. "పోయిన కాడ అదీ ఇదీ అడగొద్దు నాయనా, ఏమన్నా అనుకుంటారు." ఆ రెండు మాటల్లోనూ ప్రేమే ఉంది. కాకపోతే రెండూ తప్పే.

40 శాతం ఎక్కడ కావాలి? ఎక్కడ అక్కర్లేదు?

సీటు వేరు, సదుపాయం వేరు. చట్టంలో ఈ రెండూ వేర్వేరు చోట్ల, వేర్వేరు షరతులతో ఉన్నాయి.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. 1995 నాటి పాత చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి, కొత్తదాంట్లో 21 ఉన్నాయి. డిస్‌లెక్సియా లాంటి చదువు ఇబ్బందులు, ఆటిజం, మానసిక అనారోగ్యం, తలసీమియా, హీమోఫిలియా అన్నీ ఆ జాబితాలోనివే. బయటికి చూస్తే "నీకేమైంది, బాగానే ఉన్నావు కదా" అనిపించేవాళ్లు చాలామంది ఇందులోకి వస్తారు.

ఈ చట్టం 32వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతానికి తగ్గకుండా సీట్లు కేటాయించాలి. వయసు పరిమితిలో ఐదేళ్ల సడలింపు కూడా ఉంది. దీనికి 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ తప్పనిసరి. ఇది సీటు సంగతి.

సదుపాయం సంగతి 16, 17 సెక్షన్లలో ఉంది. ప్రభుత్వ నిధులు తీసుకునేవే కాదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలన్నీ దీని కిందికి వస్తాయి. అంటే ప్రైవేట్ ఇంజినీరింగ్ కాలేజీ కూడా. విద్యార్థి అవసరాన్ని బట్టి తగిన ఏర్పాటు చేయాలి, పరీక్షలో అదనపు సమయం, స్క్రైబ్ లాంటివి ఇవ్వాలి, అవసరమైతే సిలబస్‌లో, పరీక్ష పద్ధతిలో మార్పులు చేయాలి అని ఉంది. ఇక్కడ 40 అనే అంకె లేదు.

లేదని నేను చెప్తే ఆఫీసులో ఎవరూ నమ్మరు. సుప్రీంకోర్టు చెప్పింది. వికాస్ కుమార్ అనే ఎంబీబీఎస్ పట్టభద్రుడు సివిల్స్ పరీక్షకు స్క్రైబ్ అడిగాడు. అతనికి రైటర్స్ క్రాంప్ ఉంది, రాస్తుంటే చెయ్యి బిగుసుకుపోతుంది. 40 శాతం వైకల్యం లేదు కాబట్టి కుదరదన్నది యూపీఎస్సీ. 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు అతని వైపు తీర్పిచ్చింది. 40 శాతం రూల్ రిజర్వేషన్ల లాంటి వాటికి, తగిన ఏర్పాటు చేయడానికి దాన్ని షరతుగా పెట్టకూడదు అని తేల్చింది. 40 శాతంలోపు ఉన్నవాళ్ల కోసం కేంద్రం 2022 ఆగస్టులో విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 ఫిబ్రవరిలో గుల్షన్ కుమార్ కేసులో కోర్టు మళ్లీ అదే మాట గట్టిగా చెప్పాల్సి వచ్చింది. నాలుగేళ్ల తర్వాత కూడా మళ్లీ చెప్పించుకున్నారంటే, తీర్పు కాగితం పరీక్ష హాలు దాకా రావడానికి ఎంత టైమ్ పడుతుందో అర్థం చేసుకోండి.

అందుకే మన దగ్గర రెండు రకాల విద్యార్థులు నష్టపోతున్నారు. 40 శాతం దాటినవాళ్లు కోటాలో సీటొచ్చింది కాబట్టి ఇక అడగడానికేం లేదనుకుంటారు. దాటనివాళ్లు అసలు తాము లెక్కలోనే లేమనుకుంటారు. సదరం క్యాంపులో 30 శాతం రాశారని సర్టిఫికెట్‌ను బీరువాలో పడేసినవాళ్లు ఎంతమందో! పింఛనుకు పనికిరాదు కాబట్టి దేనికీ పనికిరాదని ఇంట్లో తీర్మానం అయిపోతుంది. యూడీఐడీ కార్డు చూడండి, మూడు రంగుల్లో ఉంటుంది. 80 శాతం, ఆపైన నీలం. 40 నుంచి 80 లోపు పసుపు. 40 లోపు తెలుపు. తెల్ల కార్డు అని ఒకటి పెట్టారంటేనే ఆ మనుషులు కూడా ఉన్నారని ప్రభుత్వం ఒప్పుకున్నట్టు కదా. ఆ బీరువా ఒకసారి తెరవండి.

ఏం అడగాలో తెలిస్తే సగం పని అయినట్టే

ముందు పరీక్షల సంగతి. 2018 ఆగస్టు నాటి కేంద్ర మార్గదర్శకాల్లో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని ఉంది. మూడు గంటల సెమిస్టర్ పరీక్ష నాలుగు గంటలవుతుంది. గంటన్నర మిడ్ అయితే రెండు గంటలు. స్క్రైబ్‌ను తీసుకోకపోయినా అదనపు సమయం అడగొచ్చు, ఇది చాలామందికి తెలీదు. పరీక్ష గది వీలైనంతవరకు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండాలని, స్క్రైబ్‌ను ముందే కలిసే అవకాశం ఇవ్వాలని కూడా అందులో ఉంది. అవి పబ్లిక్ పరీక్షల కోసం రాసినవే, కానీ కాలేజీకి రాసే అర్జీలో ఆధారంగా చూపించడానికి అంతకంటే మంచి కాగితం లేదు. 2025 ఆగస్టులో వీటిని మళ్లీ సవరించారు. స్క్రైబ్ మీకంటే తక్కువ చదువుతున్నవాళ్లై ఉండాలన్నది పాత సూత్రమే. ఎంత తక్కువ, ఎవరు తెచ్చుకోవాలి అన్నవి మారుతున్నాయి. కాబట్టి సీనియర్ రెండేళ్ల కిందట చెప్పింది కాకుండా ఇప్పటి నోటిఫికేషన్ చూసుకోండి.

స్క్రైబ్ అనగానే "ఆహా, ఎవరో రాసిపెడతారు, హాయి" అనుకునేవాళ్లు ఒక్కసారి ఈ ప్రయోగం చేయండి. ఇంటర్ చదివే తమ్ముణ్ణి కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని, ఒక ఇంటిగ్రేషన్ లెక్క నోటితో చెప్పండి. "ఎక్స్ స్క్వేర్ ప్లస్ టూ ఎక్స్ అండర్ రూట్" అన్నారనుకోండి. రూట్ దేని మీద? టూ ఎక్స్ మీదా, మొత్తం మీదా? "మొత్తం" అంటే ఎక్కడి నుంచి ఎక్కడి దాకా? వాడు రాసింది ఒకసారి చదవమంటే మళ్లీ రెండు నిమిషాలు. లెక్క మధ్యలో కొట్టేసి కొత్తగా మొదలుపెట్టాలంటే ఇంకో ఐదు. ఆ ఇరవై నిమిషాలు బోనస్ కాదు, ఈ చెప్పడం, చదివించుకోవడంలో పోయే టైమే అది. పైగా మీకు పరీక్ష ఉన్నప్పుడు స్క్రైబ్‌కు కూడా వాళ్ల కాలేజీలో పరీక్ష ఉండొచ్చు. ఇన్విజిలేటర్ వచ్చి పక్కన నిలబడి "వీడు చెప్తున్నాడా, వాడే రాస్తున్నాడా" అన్నట్టు చూస్తుంటే చెప్పేవాడికి నోరు ఎండిపోతుంది. స్క్రైబ్‌తో పరీక్ష రాయబోయేవాళ్లు ముందు కనీసం నాలుగైదు సిట్టింగులు ప్రాక్టీస్ చేయడం మంచిది. బ్రాకెట్ మొదలు, బ్రాకెట్ ముగింపు, లైన్ మార్చు అని మీ ఇద్దరికీ ఒక భాష కుదరాలి.

చూపు లేనివాళ్లకు, రెండు చేతులూ పనిచేయనివాళ్లకు, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లకు అడిగితే చాలు, స్క్రైబ్ ఇవ్వాలన్నది 2018 నిబంధన. మిగతావాళ్లు రాయడానికి ఇబ్బంది ఉందని ప్రభుత్వ వైద్యాధికారి నుంచి నిర్ణీత నమూనాలో సర్టిఫికెట్ తేవాలి. సదరం సర్టిఫికెట్ ఉంది కదా అని ఊరుకుంటే పరీక్ష ముందురోజు ఇదే అడుగుతారు. అప్పుడు చిత్తూరు జిల్లా ఆస్పత్రికో, తిరుపతి రుయాకో పరిగెత్తితే సూపరింటెండెంట్ ఆ రోజు సీట్లో ఉండాలని గ్యారంటీ లేదు.

బీటెక్ ఫస్టియర్‌లో ఇంజినీరింగ్ గ్రాఫిక్స్ అనే గండం విడిగా ఉంది. మినీ డ్రాఫ్టర్ పట్టుకోలేని చేతికి గంటకు ఇరవై కాదు, అరవై నిమిషాలు ఎక్కువిచ్చినా ఏం లాభం? ఇక్కడ అడగాల్సింది టైమ్ కాదు, పద్ధతి మార్పు. షీటు మీద కాకుండా కంప్యూటర్‌లో గీసే అవకాశం ఇవ్వమనండి. చట్టంలో పరీక్ష పద్ధతిలో మార్పు అన్నది ఇలాంటి చోట్లకే.

ఖర్చు లేని ఏర్పాట్లు ఇంకా చాలా ఉన్నాయి. వినికిడి తక్కువైనవాళ్లకు ముందు బెంచీ, లెక్చరర్ క్లాసు వైపు తిరిగి మాట్లాడటం, పాఠానికి ముందే స్లైడ్లు ఇవ్వడం. నడవడం కష్టమైనవాళ్లకు సెక్షన్ మొత్తం క్లాసును కింది గదికి మార్చడం. టైమ్ టేబుల్‌లో రెండు గళ్లు అటూ ఇటూ చేస్తే అయిపోయే పని ఇది. ఎస్వీ యూనివర్సిటీ లాంటి పెద్ద క్యాంపస్‌లో చేరేవాళ్లు హాస్టల్ నుంచి డిపార్ట్‌మెంట్ దాకా దారి ఎలా ఉందో మొదటివారమే చూసుకుని, కావాల్సిన హాస్టల్ బ్లాకు అప్పుడే అడగడం మేలు. గదులన్నీ నిండాక ఎవరూ మారరు.

పీడీఎఫ్ ఉంది కానీ పుస్తకం లేదు

సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నాను కాబట్టి ఈ విషయం దగ్గర కాస్త ఆగుతాను. చూపు లేని విద్యార్థికి లెక్చరర్ నోట్స్ వాట్సాప్‌లో పంపించి "ఇచ్చేశాం" అంటారు. తెరిస్తే ఫోన్‌లో ఫొటో తీసి పీడీఎఫ్ చేసిన పేజీలు. మనకది పాఠం, స్క్రీన్ రీడర్‌కది ఉట్టి బొమ్మ. చదవడానికి అందులో అక్షరమే లేదు. తెలుగు మెటీరియల్‌తో ఇంకో తిరకాసు. మన డీటీపీ సెంటర్లలో ఏళ్లుగా అను ఫాంట్లలో టైప్ చేస్తున్నారు. తెర మీద చక్కటి తెలుగు కనిపిస్తుంది. లోపల మాత్రం ఉన్నది తెలుగు కోడ్ కాదు. స్క్రీన్ రీడర్ దాన్ని చదివితే ఏదో గ్రహాంతర భాషలా ఉంటుంది. అదే యూనికోడ్‌లో టైప్ చేసుంటే మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉన్న టాక్‌బ్యాకే తెలుగులో చదివిపెడుతుంది. కంప్యూటర్‌లో అయితే ఎన్‌వీడీఏ ఉంది. ఇద్దరు అంధులైన ఆస్ట్రేలియా యువకులు 2006లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ అది, పైసా కట్టక్కర్లేదు.

కాబట్టి అడిగేటప్పుడు "నోట్స్ ఇవ్వండి" అనకండి. "టైప్ చేసిన ఫైల్ ఇవ్వండి, ఫొటో వద్దు, తెలుగైతే యూనికోడ్" అనండి. పుస్తకాన్ని చదవగలిగే రూపంలోకి మార్చడానికి కాపీరైట్ అడ్డొస్తుందని లైబ్రరీలో ఎవరైనా అంటే, దివ్యాంగుల కోసం అలా మార్చుకోవచ్చని 2012లోనే మన కాపీరైట్ చట్టాన్ని సవరించారని చెప్పండి. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ ఆ సవరణ నీడలో నడుస్తున్నదే.

మా ఫీల్డులోనూ యాక్సెసిబిలిటీ బగ్ వస్తే లో ప్రయారిటీ అని రాసి తర్వాతి రిలీజ్‌కు తోసేయడం మామూలే. కాలేజీ ర్యాంపు కూడా అలాగే వచ్చే బడ్జెట్‌కు పోతూ ఉంటుంది.

ఇది కొత్త గొడవ కాదు. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా కథ 2024లో వచ్చిన 'శ్రీకాంత్' సినిమాతో దేశమంతా చూసింది. పుట్టుకతో చూపు లేదు. పదో తరగతిలో మంచి మార్కులొచ్చినా సైన్స్ గ్రూపులో చేర్చుకోవడానికి అప్పటి బోర్డు నిబంధనలు ఒప్పుకోలేదు. కోర్టుకెళ్లి ఆరు నెలలు పోరాడాడు. చేరాక పాఠాలను ఆడియోగా మార్చుకుని విని చదివి 98 శాతం తెచ్చుకున్నాడు. ఇక్కడ ఐఐటీ కోచింగ్‌లో తీసుకోలేదు, అమెరికాలో ఎంఐటీ తీసుకుంది. 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు. సినిమా చూసినవాళ్లకు అతని పట్టుదల గుర్తుండిపోతుంది. నాకు మాత్రం ఆ ఆడియో పాఠాలు గుర్తుంటాయి. పట్టుదల ఉన్న పిల్లలు ప్రతి ఊళ్లో ఉంటారు. పుస్తకాన్ని గొంతులోకి మార్చిపెట్టేవాళ్లు దొరకడమే అరుదు.

తిరుపతిలో ఎంబీబీఎస్ కలగనేవాళ్లకు ఒక్క ముక్క. 2024 అక్టోబరులో ఓంకార్ గోండ్, ఓం రాథోడ్ కేసుల్లో సుప్రీంకోర్టు శాతం ఒక్కటే చూసి సీటు నిరాకరించకూడదంది. ఆ విద్యార్థి ఏం చేయగలడో, ఏ సాయంతో చేయగలడో బోర్డు పరీక్షించి చెప్పాలి. మెడికల్ బోర్డు 'అనర్హుడు' అని ఒక్క మాట రాస్తే కారణం అడిగే హక్కు మీకుంది.

అర్జీ ఎలా రాయాలి?

క్లాసులు మొదలైన మొదటి నెలలోనే రాయాలి. రెండు నెలలు తిరగకముందే ఫస్ట్ మిడ్ వచ్చేస్తుంది. మిడ్లు కాలేజీ చేతిలో ఉంటాయి కాబట్టి ప్రిన్సిపాల్ సంతకంతో పని జరుగుతుంది. సెమిస్టర్ పరీక్షలు అలా కాదు. మన వైపు చాలా ఇంజినీరింగ్ కాలేజీలు అనంతపురం జేఎన్టీయూకి అనుబంధం. అటానమస్ కాలేజీ కాకపోతే మీ ఫైలు అనంతపురం వెళ్లి రావాలి. చిత్తూరు నుంచి అనంతపురం బస్సులో ఒక పూట ప్రయాణం, ఫైలుకు మాత్రం ఒక నెల కూడా చాలకపోవచ్చు.

"నేను దివ్యాంగుణ్ణి, దయచేసి సహకరించగలరు" అని రాస్తే హెచ్ఓడీ జాలిపడి పక్కన పెడతారు. ఏం చేయాలో అందులో లేదు మరి. ఇలా రాసి చూడండి. "నాకు కుడిచేతి వేళ్లకు పట్టు లేదు. ఇరవై నిమిషాలకు మించి ఆపకుండా రాయలేను. మిడ్, సెమిస్టర్ పరీక్షల్లో గంటకు 20 నిమిషాల అదనపు సమయం, గ్రౌండ్ ఫ్లోర్‌లో గది ఇవ్వగలరు. గ్రాఫిక్స్ ల్యాబ్‌లో కంప్యూటర్‌పై గీయడానికి అనుమతి కోరుతున్నాను. వికలాంగుల హక్కుల చట్టం 2016, సెక్షన్ 16, 17." అంతే. ఇబ్బంది రెండు వాక్యాలు, కావాల్సింది రెండు వాక్యాలు, సెక్షన్ నంబర్లు. జబ్బు చరిత్ర అంతా రాయక్కర్లేదు, మెడికల్ సర్టిఫికెట్ జత చేస్తే చాలు. ఇంటర్లో మీకిచ్చిన సదుపాయం తాలూకు కాగితం ఏదైనా ఉంటే అదీ పెట్టండి. ముందు ఇచ్చారు అన్న ఒక్క ముక్క ఆఫీసులో బాగా పనిచేస్తుంది.

డబ్బు విషయం ఒక లైనులో.. ఏఐసీటీఈ సక్షమ్ స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000 రూపాయలు, 40 శాతం వైకల్యం, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉన్న టెక్నికల్ కోర్సుల విద్యార్థులకు. ఐఐటీల్లో అయితే దివ్యాంగులకు ట్యూషన్ ఫీజే లేదు.

కుదరదంటే? ముందు ఆ మాట రాసివ్వమనండి. రాతపూర్వకంగా అనేసరికి సగం తిరస్కరణలు 'చూద్దాంలే' అయిపోతాయి. ప్రభుత్వ సంస్థ అయితే 23వ సెక్షన్ కింద ఫిర్యాదులు తీసుకునే అధికారి ఒకరు ఉండాలి, ఎవరో అడగండి. ఆపైన దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల దాకా, ఆ తర్వాత 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉంది. మొదటి అర్జీలోనే జరిమానా గురించి రాయకండి. అవతలివాళ్లు గట్టిపడిపోతారు, మీరు నాలుగేళ్లు అక్కడే చదవాలి.

అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద తేదీతో స్టాంపు, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. ఆ పేజీని అక్కడే ఫోన్‌లో ఫొటో తీసి ఇంటికి పంపండి. "ఎందుకు నాయనా అడుక్కోవడం" అన్న అమ్మకు ఆ స్టాంపు చూపించి, ఇది అడుక్కోవడం కాదని చెప్పడం సులువవుతుంది.